సంచి తొడిగిన కండెలు

పొయ్యి అంటించకముందే కృపమ్మ పెరట్లోకి పోయి, మొక్కజొన్న కండెలకు తొడిగిన కాగితపు సంచులను ఒక్కొక్కటే తడిమి చూసుకుంటుంది. గాలికి ఊడిపోయాయేమో, చిలకలు చించాయేమో, ఎలుకలు ఎక్కాయేమో. ఆ భయాలన్నీ తీరాకే టీ నీళ్లు గుర్తొస్తాయి.

ఈ విత్తనం వాళ్లమ్మది. ఆళ్లగడ్డ దగ్గరి ఈ ఊరికి కాపురానికి వస్తున్నప్పుడు కొంగున కట్టి ఇచ్చింది. అమ్మ విసుర్రాయి తిప్పుతుంటే నారింజరంగు నూక రాలేది. ఆ నూకతో వండిన సంగటిలో గుంట చేసి చింతచిగురు పప్పు పోసేది. సాయంత్రందాకా వేళ్లకు ఆ వాసన ఉండేది. విత్తనపు కండెలను పొయ్యి మీద పొగ తగిలేట్టు వేలాడదీసి, "ముట్టుకుంటిరా, చేతులిరుస్తా" అని పిల్లల్ని బెదిరించేది. తర్వాత్తర్వాత అందరూ కంపెనీ విత్తనాలకు మళ్లారు. కృపమ్మ భర్త కరుణాకర్ చేనంతా అవే వేశాడు. "మీయమ్మ గింజలు కోళ్లకు గూడ చాలవు" అని పెళ్లయిన కొత్తలో అతనన్న మాట ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అయినా ఏటా పెరట్లో నాలుగు మొక్కలేసి ఆ విత్తనాన్ని నిలుపుకుంటూ వచ్చింది.

నంద్యాల పరిశోధన క్షేత్రం నుంచి వచ్చిన లావణ్య మాత్రం ఆ గింజను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఈ రంగు గింజ కంటిచూపుకు మంచిదనీ, మాంసకృత్తులు ఎక్కువున్న తమ రకంతో కలిపి కొత్త వంగడం తీస్తామనీ చెప్పింది. "వేరే చేని పుప్పొడి పడకుండా పండించియ్యక్కా" అంది. కృపమ్మ ఉన్న గింజలన్నీ వేసేసింది. పీచు బయటికి రాకముందే సంచులు తొడిగి, పొద్దున్నే తన మొక్కల పూతనే దులిపి పీచుకు అద్ది, మళ్లీ మూసేది. సరిగ్గా అప్పుడే "టిఫిన్ యాడ?" అని కరుణాకర్ అరిచేవాడు. హాస్టల్లో కూతురు ప్రవళిక నీరసంతో కళ్లు తిరిగి పడింది మొదలు, మంచి తిండి ఉంటే ఏ పిల్లా అట్లా పడదని ఆమె ఆశ. ఈ విత్తనం చేయి జారుతుందేమోనని భయం.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి, బనగానపల్లె నుంచి ఆడబిడ్డ, ఆమె భర్త వచ్చి ఉన్నారు. ఆడబిడ్డ మంచం మీద కూర్చుని కాల్చిన కండె కొరుకుతోంది. నిప్పుల పక్కన చినిగిన సంచులు.

"ఏమ్మే కృపా, ఏం తీపుండాయే!"

"నువ్వొస్తావనే సంచులు తొడిగి దాచిపెట్టిందిలేక్కా." తనూ ఒక కండె తింటూ కరుణాకర్ మురిసిపోయాడు. "చేన్లోవి పురుగు పట్టినాయి. ఇవి చూడు, ఎంత శుభ్రమో! వచ్చే కారుకు చేనంతా ఇవే ఏద్దాం. ఇత్తనాలుండాయా?"

పాలు కారే పచ్చిగింజలు. ఇక మొలిచేవి కావు.

"నువ్వు తింటాండేది అవే" అంది కృపమ్మ.

"ఏందే, నాలుగు కండెలకు ఏడుస్తాండావా? ఇంకోటుండాదిలే, అది బావకు తెంపుకొస్తా" అంటూ లేచాడు.

పెరటి మూల, ఆకుల చాటున ఒక్క సంచి మిగిలి ఉంది. ఇన్నాళ్లూ జరుగుతుందని వణికింది జరిగేపోయింది. ఇక వణకడానికి ఏముంది? కృపమ్మ వెళ్లి ఆ మొక్కకు అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరుగు. వచ్చినోళ్ల ముందర పరువు తీస్తాండావ్."

ఆమె జరగలేదు.

"సరే, దాన్నే కావలి కాసుకో. మరి వాళ్లకు అన్నం యాల కాలేదా?"

"బియ్యం యాడుంటాయో ఎతుక్కో పో" అని, కృపమ్మ ఆ మొక్క మొదట్లోనే నేల మీద కూర్చుంది.