పసుపు తాగిన రేడియేటర్

నేను ఒక రేడియేటర్‌ని. అరవై నాలుగు మోడల్ కారులో ముందు జాలీ వెనక నిలబడి, ఇంజిన్ కాగబెట్టిన నీళ్లను గాలికి చల్లార్చి తిరిగి పంపడం నా పని. ఒళ్లంతా రాగి గొట్టాలు, పైనా కిందా ఇత్తడి తొట్లు. ఇంజిన్ చేసే గోలను అందరూ మెచ్చుకుంటారు. నేను గుర్తొచ్చేది పొగలు కక్కినప్పుడే.

ఒక డాక్టరు దగ్గర, ఒక పొగాకు వ్యాపారి దగ్గర పనిచేసి, గుంటూరులో ప్రభుదాసు అనే డ్రైవరు చేతికొచ్చాను. అతను పోయాక భార్య సలోమి స్టీరింగు పట్టింది. చంటిదాన్ని అత్త మార్తమ్మకిచ్చి, నెల డబ్బులకు ఐదుగురు పిల్లల్ని బడికి దించుతుంది. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను వేడి చూపే ముల్లు మీద. ముల్లు వెంట్రుకంత కదిలితే ఆమె గుండె మూరెడు కదులుతుంది.

ఈ ఎండల్లో ఆ ముల్లు ఎర్రగీత దాటింది. రెండుసార్లు పిల్లలతో నడిరోడ్డున ఆగాం. మూడోసారి ఆగితే వేరే బండి చూసుకుంటామని తల్లిదండ్రులు చెప్పేశారు.

"రేడియేటర్‌లో రాగి బరువుంది వదినా. దీన్ని పాతసామాన్లకేసి బండి వదిలించుకో," అన్నాడు మరిది ఏలియా.

అరవై ఏళ్లు నీళ్లు మోసినదానికి కాటా చూపిస్తాడా? ఎక్కను. సగం గొట్టాలు మూసుకుపోయినా మిగిలిన సగంతోనే ఆటోనగర్ దాకా బండిని లాక్కొచ్చాను.

జిలానీ మేస్త్రి నన్ను విప్పి, అతుకు కరిగించి, పైతొట్టి తీశాడు. లోపల పచ్చటి ముద్ద.

"ఏందమ్మా, ఇది రేడియేటరా, పులిహోర గిన్నా?"

సలోమి తిరిగి, వెంట వచ్చిన అత్తను చూసింది. మార్తమ్మ చంకలో పాపను సర్దుకుంది.

"చుక్కలు కారతంటే పసుపేశా. పొద్దున నీళ్లతో పాటు రోజూ ఒక చెంచాడు. మీ మామ బండికీ అదేగా ఏసింది."

"ఒక్కసారేస్తే కారేది ఆగుద్ది పెద్దమ్మా. రోజూ ఏస్తే కూరవుద్ది."

"దెబ్బకి పసుపు కాక ఏం పెడతారంట?" అంది మార్తమ్మ.

మనుషుల ప్రేమకు కొలత ఉండదు. నా గొట్టాలకు ఉంది.

"కొత్తది ఏయించుకుంటావామ్మా?" అడిగాడు మేస్త్రి.

"ఇది బతుకుద్దా అన్నా?"

"మంచి రాగి అమ్మా. మనకంటే మొండిది."

"అయితే దీన్నే బాగుచెయ్."

ఒక్కో గొట్టంలో సన్నటి ఇనుప పుల్ల దూర్చి పొడిచాడు. నొప్పి లేదని చెప్పను. కారేచోట టంకం వేసి, తొట్టి అతికించి, నీళ్లలో ముంచి గాలి కొట్టాడు. బుడగ వస్తుందేమోనని ముగ్గురూ వంగి చూశారు. ఒక్కటీ ఇవ్వలేదు.

ఇప్పటికీ పొద్దున్నే నీళ్లు పోసేది మార్తమ్మే. రెండో చేతిలో చెంచా లేదని కోడలికి చూపించి మరీ పోస్తుంది.

సోమవారం రైల్వే గేటు పడింది. నెత్తిన ఎండ, వెనక ఐదుగురు పిల్లలు, ఆపకుండా తిరుగుతున్న ఇంజిన్. సలోమి రెండు కళ్లూ ముల్లు మీదే. పక్కనే ఏలియా బైకు ఆగింది. కిటికీలోంచి వంగి ముల్లు వైపు చూశాడు.

అది సగం దగ్గర నిలబడి ఉంది. గేటు లేచేదాకా కదల్లేదు.