నోరు మూసి వేసిన మేత

తాళాలాయన పొద్దున లేచాక ముందు ముట్టుకునేది మేత డబ్బా తాళాన్ని. తాను వేసింది వేసినట్టే ఉందా, ఎవరైనా కెలికారా అని రెండుసార్లు లాగి చూసుకుని, ఆ తర్వాతే మొహం కడుక్కునేవాడు. వీధి మొత్తానికీ తాళాలు బాగుచేసే మనిషికి ఏ తాళమూ గట్టిది కాదని తెలుసు. ఆయన జబ్బంతా అక్కడే ఉంది.

డాబా మీద ఆయనకు ఇరవై రెండు పందెం పావురాలు ఉన్నాయి. మేత విషయంలో ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు. పందెం నుంచి తిరిగొచ్చాక రెండు మూడు రోజులు ఒళ్లు తేలికపడటానికి బార్లీ, తర్వాత జొన్నలూ బఠానీలూ, మళ్లీ పందేనికి మూడు రోజుల ముందు నుంచి కొవ్వు పట్టడానికి మొక్కజొన్నా కుసుమలూ. పక్షికి రెండు చెంచాలు, అంతే. పావురం బార్లీ గింజను వదిలేసిందంటే కడుపు నిండిందని గుర్తు, ఇక పళ్లెం తీసెయ్యాల్సిందే. ఇదంతా చేస్తూ ఆయన నోరు ఊరుకునేది కాదు. ఎదురింటాయన తన గూటి వైపు ఎందుకు చూశాడో, గింజల కొట్టువాడు తూకం వేస్తూ ఎందుకు నవ్వాడో, అన్నీ పావురాలకు చెప్పుకునేవాడు.

చెప్పిన మాట ఎక్కడికీ పోదు. మేత వేసేటప్పుడు మనిషి ఏమన్నా అది గింజలతో పాటు పావురం గొంతు కింది మేతసంచిలోకి దిగుతుంది. గింజలు అరిగేదాకా, అంటే నాలుగైదు గంటలపాటు, అక్కడ చెవి ఆనిస్తే వినబడుతుంది. పావురాలు పెంచేవాళ్లందరికీ తెలిసిన సంగతే. కొత్తగా గూడు కట్టుకున్నవాడికి పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తలు రెండే: నీళ్లు రోజూ మార్చు, మేత వేస్తూ ఇంటి గుట్టు మాట్లాడకు.

పెద్ద పందెం ఇంకా పదకొండు రోజులుందనగా పావురాలు పాడయ్యాయి. రెట్ట నీళ్లలా పడుతోంది. తొట్టిలో నీళ్లు పోసినవి పోసినట్టే తాగేస్తున్నాయి. ఎగరమంటే ఒక చుట్టు తిరిగొచ్చి గోడ మీద కూలబడుతున్నాయి. తాళాలాయన తన ముద్దుల నీలి పెట్టను పట్టుకుని, దాని మేతసంచికి చెవి ఆనించాడు. ఎదురింటాయన్ని తిడుతున్న తన గొంతే వినిపించింది. మధ్యలో ఠక్కున ఆగింది. ఒక గుప్పెడు గింజలంత మౌనం. మళ్లీ తన తిట్లు, ఆ వెనక మళ్లీ మౌనం. అలా మూడు చోట్ల ఉంది.

మాట్లాడుతూ వేసిన మేత మాట్లాడుతుంది. మౌనంగా ఉందంటే ఎవరో నోరు బిగించుకుని వేశారన్నమాట. మేత వేస్తూ నోరెవరు బిగిస్తారు, దొంగ తప్ప?

ఆ మూడింట్లో ఒక మౌనం తనదేనని ఆయనకు తెలుసు. ఆ సంగతి తర్వాత. మిగతా రెండూ బావమరిదివే అయ్యుండాలని అక్కడికక్కడే తేల్చేశాడు. మందుల షాపులో పనిచేసే ఆ బావమరిది ఆర్నెల్లుగా కింది గదిలో ఉంటున్నాడు. రెండు నెలల క్రితం పావురాలకు మంచిదని విటమిన్ చుక్కల సీసా తెచ్చిస్తే, తాళాలాయన అందరి ముందూ ఎగతాళి చేసి, చెత్తలో పడెయ్యమని భార్య చేతికిచ్చాడు. ఆ కోపం మనసులో పెట్టుకుని విషం పెడుతున్నాడని ఆయన లెక్క. ఇంకేం, మేత డబ్బాకు రెండో తాళం పడింది. గూటి తలుపుకు దారం కట్టాడు, మెట్ల మీద సున్నప్పొడి చల్లాడు. పొడిలో బావమరిది చెప్పుల గుర్తులు పడ్డాయి. భార్య చెప్పుల గుర్తులూ పడ్డాయి కానీ, బట్టలు ఆరెయ్యడానికి వెళ్లిందిలే అని వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు, ఆదివారానికల్లా మీ తమ్ముడు గది ఖాళీ చెయ్యాలని ఆవిడతో చెప్పాడు. బావమరిది ముద్ద నోటి దాకా తెచ్చి పళ్లెంలో పెట్టేశాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"వాడు వెళ్తే వాడితో నేనూ వెళ్తాను."

ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు. బెదిరింపులే అనుకున్నాడు తాళాలాయన.

మర్నాడు మధ్యాహ్నం రుజువుతో సహా తేల్చేద్దామని తన తాళాల షాపు నుంచి వచ్చి, నీలి పెట్టను చంకలో పెట్టుకుని కిందికి దిగాడు. అన్నం తిని మళ్లీ మందుల షాపుకు బయల్దేరుతున్న బావమరిది చెవికి దాని మేతసంచిని ఆనించాడు. నోరు మూసుకుని వేసిందెవరో చెప్పమన్నాడు.

బావమరిది బుకాయించలేదు. "ఒకటి నాదే బావా. రోజూ పొద్దున కొట్టులో కొన్న గింజలకు చుక్కలు కలిపి ఒక గుప్పెడు వేస్తున్నా. మీకు తెలిస్తే గొడవని నోరు మూసుకుని వేశా. రెండోది నాకు తెలీదు, ఒట్టు."

"రెండోది నాది," అంది ఆవిడ వంటింటి గుమ్మంలోంచి. పారెయ్యమన్న సీసాను పారెయ్యలేక పిండి డబ్బా వెనక దాచానని, పక్షులు గెలిస్తే ఈయన మొహం నాలుగు రోజులైనా వెలుగుతుందని మధ్యాహ్నం పూట తానూ వంటింటి జొన్నలకు చుక్కలు కలిపి ఓ గుప్పెడు వేస్తున్నానని చెప్పింది. తర్వాత తాపీగా అడిగింది. "మరి మూడోది?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు తాళాలాయన చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. జేబులో అదే రకం సీసా ఉంది. అందరి ముందూ ఎగతాళి చేసిన మందును పక్క వీధి షాపులో కొని, పావురాల నోట బయటపడకుండా పెదాలు బిగించి వేస్తున్నది ఆయనే.

బావమరిది సీసా తీసుకుని చీటీ చదివాడు. రోజుకు ఒక్కసారే వెయ్యాలనీ, మోతాదు మించితే దాహమూ నీళ్ల రెట్టా వస్తాయనీ దాని మీదే రాసుంది. విషం లేదు, విరోధి లేడు. ఒకే బలం మందు, ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు రోజుకు మూడుసార్లు పెట్టారు. బలం పెట్టి మరీ జబ్బు తెప్పించారు.

బావమరిదికి నవ్వాగలేదు. తాళాలాయనకు నవ్వు రాలేదు. మందు సంగతి తేలింది సరే, మనిషి సంగతి తేలలేదన్నాడు. ఇంత చిన్న విషయం దాచినవాడు ఇంకెన్ని దాచాడో ఎవరికి తెలుసట. తానూ దాచాడన్నది మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు. ఆదివారం మాట ఆదివారం మాటేనన్నాడు.

ఆవిడ సీసాలు మూడూ అవతల పారేసింది. పందేనికి మూడు రోజుల ముందుదాకా ఉత్త బార్లీ, ఉత్త నీళ్లు. ఆయన షాపులో ఉంటాడు కనక మధ్యాహ్నం మేత తానే వేస్తానంది. ఇకమీదట ఏ పక్షికీ చెవి పెట్టి వినకూడదని ఆయన చేత మాట తీసుకుంది. ఆయన నీలి పెట్ట తల మీద చెయ్యి వేసి ఒట్టేశాడు.

బార్లీ పడ్డ రెండో రోజుకే రెట్ట గట్టిపడింది. మూడో రోజు ఈకలకు మెరుపొచ్చింది. కింది గదిలో బావమరిది పుస్తకాలు అట్టపెట్టెల్లోకి సర్దుతున్న చప్పుడు డాబా దాకా వినబడుతోంది. తాళాలాయన నాలుగు రోజులు మాట మీద నిలబడ్డాడు. ఆయన మట్టుకు అది గొప్పే. శనివారం మాత్రం తట్టుకోలేకపోయాడు. మధ్యాహ్నం దాటగానే షాపు మూసేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు. తొట్టి దగ్గరున్న నీలి పెట్టను పట్టుకుని చెవి ఆనించాడు.

ఈసారి మౌనం లేదు. ఆవిడ గొంతు ఉంది. పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది.

"బట్టలు సర్దుకున్నానే. రేపు పొద్దున తమ్ముడితో పాటు వెళ్తున్నా. ఆయన మీద కోపం లేదు, అలసటొచ్చింది. ఇరవై ఏళ్లుగా నేను ఎక్కడికెళ్లినా ఎందుకెళ్లానని అడిగాడు గానీ, వెళ్లకని ఒక్కసారీ అనలేదు. ఆ ఒక్క మాటా అంటే ఆగిపోయేదాన్ని. తినవే, నువ్వు తిను."

తాళాలాయన మళ్లీ విన్నాడు. మూడోసారీ విన్నాడు. నాలుగోసారి వినేసరికి గింజలు కొంత దిగిపోయి, "వెళ్లకని ఒక్కసారీ" దగ్గర ఆవిడ గొంతు సన్నగిల్లింది. ఆయనకు భయం వేసింది. దొంగల భయం కాదు అది. మనిషి వెళ్లిపోతుందన్న భయం. అది ఆయనకు కొత్త.

వెళ్లొద్దని అనాలంటే విన్నానని ఒప్పుకోవాలి. విన్నానంటే ఒట్టు తప్పానన్నమాట. పక్షిని గూట్లో పెట్టి మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. తర్వాత చెప్పులు అక్కడే వదిలేసి వట్టి కాళ్లతో కిందికొచ్చాడు.

ఆవిడ మంచం మీద చీర మడత పెడుతోంది. పక్కన పెట్టె తెరిచి ఉంది.

"వెళ్లొద్దు," అన్నాడు ఆయన. మళ్లీ అన్నాడు. "నువ్వు వెళ్లొద్దు. మీ తమ్ముణ్ని కూడా ఉండమను."

"వెళ్తున్నానని మీకెవరు చెప్పారు?"

"పెట్ట."

"వినను అని ఒట్టేశారుగా."

"వేశాను. తప్పాను."

ఆవిడ చీర మడత ఆపింది. "తప్పుతారని తెలిసే దానికి చెప్పాను. మొన్న అన్నాల దగ్గర మొహం మీదే చెప్పాను, నమ్మారా? మీకు ఎదురుగా చెబితే అబద్ధం, చాటుగా వింటే నిజం. మరి నేనేం చెయ్యను?"

తాళాలాయన నోరు తెరిచాడు. అడగాల్సిన ప్రశ్నలు అలవాటుగా నాలుగైదు నాలుక చివరికొచ్చాయి. వాటిని మింగేసి, మంచం అంచున కూర్చుని, పెట్టెలోంచి ఒక చీర తీసి బీరువాలో పెట్టాడు. మడత చెడింది. ఆవిడ దాన్ని బయటికి తీసి, సరిగ్గా మడిచి, మళ్లీ బీరువాలోనే పెట్టింది.