ఎడమ చెయ్యి ఎత్తిన పాఠం

ఇంగ్లీషు వాళ్ళకు ఎంత బద్ధకమో ఆ ‘గెట్’ అన్న మాటను చూస్తే తెలుస్తుంది. జీతం అందినా గెట్టే, జబ్బు చేసినా గెట్టే. ఇల్లు చేరినా అదే, లెక్క బుర్రకెక్కినా అదే, బజారు నుంచి చేపలు తెచ్చినా అదే. మా వియత్నాం భాషలో మనిషికి మంచి జరిగితే ఒక మాట వాడతాం, చెడు జరిగితే ఇంకో మాట. బహుమతి వచ్చినా తన్నులు తగిలినా ఒకే మాటతో సరిపెట్టుకునే జనం మీద నాకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. నేను సాహిత్యం చెప్పేదాన్ని. మాటల దగ్గర నాకు పట్టింపు ఎక్కువ.

అలాంటి మాట మీద మా న్యాన్ ఉద్యోగం ఆధారపడిందంటే నాకు ఒళ్ళు మండదూ?

న్యాన్ మా బడిలో ఇంగ్లీషు టీచరు. అదీ కాంట్రాక్టు మీద. తొమ్మిదేళ్ళుగా వేసవి సెలవులు వచ్చేసరికి, “వచ్చే ఏడు ఉంచుతారంటావా, హ్వాయ్ అక్కా?” అని నన్ను పట్టుకుని అడిగేది, అదేదో ఉంచే అధికారం నా కొంగున ముడేసుకున్నట్టు. ఈ ఏడు దేవుడి దయ వల్ల ఇంగ్లీషుకు ఒక పర్మనెంటు పోస్టు వచ్చింది. విద్యాశాఖ నుంచి ముగ్గురు వచ్చి ఆమె చెప్పే పాఠం ఒకటి వింటారు. నచ్చితే పోస్టు ఆమెది, రిటైరయ్యేదాకా ఢోకా లేదు. నచ్చకపోతే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు, కాంట్రాక్టు కూడా అక్కడితో సరి. ఆ తర్వాత ఆమెకు మిగిలేది హైవే పక్కనున్న బూట్ల ఫ్యాక్టరీ. మొగుడు చేపల పడవ మీద పోతాడు, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇద్దరు పిల్లలు.

వాళ్ళు వినబోయే పాఠం ఏదంటే, ఈ గెట్టు పాఠమే.

పెద్దలు వచ్చి వినే పాఠాన్ని పిల్లల చేత ముందుగా ఆడించి పెట్టుకోవడం మా బడిలో పాత అలవాటు. ఏ పిల్లను ఏం అడగాలో, ఆ పిల్ల ఏం చెప్పాలో, ఎక్కడ నవ్వాలో అన్నీ ముందే కుదిరిపోతాయి. వచ్చినవాళ్ళు తెలియనట్టు కూర్చుంటారు, మేము తెలియనట్టు నిలబడతాం. ఈసారి మా హెడ్మాస్టరు ఖాయ్ గారు ఇంకో మెట్టు పైకెక్కారు.

“ఒక్క చెయ్యి కింద ఉన్నా మన పరువు గంగలో కలిసినట్టే,” అన్నారు స్టాఫ్ రూములో, అందరి ముందూ. “అడగ్గానే క్లాసు మొత్తం చేతులెత్తాలి. జవాబు తెలిస్తే కుడి చెయ్యి, తెలీకపోతే ఎడమ చెయ్యి. నువ్వు కుడి చేతుల్నే లేపు. తెలిసిందా, న్యాన్?”

“సార్, వెనక బెంచీల వాళ్ళకి నిజంగానే ఎక్కలేదు. ఇంకొక్క వారం టైమివ్వండి, చెప్పుకుంటాను.”

“వారంలో వాళ్ళు దొరలైపోతారా ఏంటి? పోనీ, ఆ మొద్దులందర్నీ ఆ రోజుకి జ్వరం తెచ్చుకోమను.”

“ఎవరికీ జ్వరం రాదు సార్. నా క్లాసులో అందరూ ఉంటారు.” న్యాన్ గొంతు పెద్దది కాదు. అయినా ఆ మాట గట్టిగానే వినిపించింది.

“ఉండనీ తల్లీ! ఎడమ చెయ్యి మాత్రం మర్చిపోకు.”

దానికి ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? నేనైనా ఒప్పుకునేదాన్నే.

ఆ వెనక బెంచీలో థోమ్ అని ఒక పిల్ల ఉంది. వాళ్ళమ్మ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బురదలో ఆల్చిప్పలు ఏరి అమ్ముతుంది. బడికి రాకముందు ఈ పిల్ల కూడా తల్లితో ఆ బురదలో వంగి, అటునుంచి అటే వస్తుంది. నా పాఠంలో ఎంచక్కా కునుకు తీస్తుంది. న్యాన్ పాఠంలో మాత్రం కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చుంటుంది. ఒక్క ముక్క రాకపోయినా సరే, న్యాన్ టీచరంటే దానికి ప్రాణం. రిహార్సల్ చేసినప్పుడల్లా ఆ ఆత్రంలో కుడి చెయ్యే ఎత్తేసేది.

“ఒసేయ్ ఆల్చిప్ప మొహమా, ఎడమ చెయ్యే!” అని ముందు బెంచీ పిల్లలు ఒకటే నవ్వు. “నువ్వు కుడి ఎత్తావంటే టీచర్ ఉద్యోగం ఊడిపోద్ది, జాగ్రత్త!”

ఆ మాటతో పిల్ల మొహం పాలిపోయింది. న్యాన్ తన జడకున్న ఎర్ర రబ్బరు బ్యాండు తీసి దాని ఎడమ మణికట్టుకు తొడిగింది. “ఇదున్న చెయ్యి ఎత్తు, చాలు. ఏం ఊడిపోదులే,” అంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అలా చెప్పేటప్పుడు న్యాన్ ఆ పిల్ల కళ్ళలోకి చూడలేదు.

ఆ రోజు రానే వచ్చింది. గంటకు బదులు మా బడిలో కొట్టే డోలు మోగింది. న్యాన్ మా ఆడవాళ్ళ పొడుగాటి అంగీ, నీలం పట్టు ఆవొజాయ్ వేసుకుని, పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా బోర్డు ముందు నిలబడింది. టీచర్లమంతా గది వెనక గోడకు ఆనుకుని కుర్చీల్లో కూర్చున్నాం. మా ముందు వరసలో ఖాయ్ గారు, ఆయన పక్కన విద్యాశాఖ వాళ్ళు ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన పేరు తువాత్. సన్నగా, చింతబరికెలా ఉన్నాడు. మేమిచ్చిన టీ తాగకుండా తన ఫ్లాస్కు తెచ్చుకున్నాడు. అది చూడగానే నాకు గుండెల్లో రాయి పడింది.

పాఠం మొదలైంది. న్యాన్ బోర్డు మీద గెట్టుతో ఒక్కో వాక్యం రాస్తుంది, “అర్థం ఎవరు చెప్తారు?” అంటుంది. చేతులన్నీ జుయ్యిమని లేస్తాయి. కుడి చెయ్యి ఎత్తిన పిల్ల లేచి గడగడా చెబుతుంది. ‘అందుకోవడం,’ అంది ఒకతి. ‘చేరుకోవడం,’ అన్నాడు ఇంకొకడు. ‘చీకటి పడటం,’ ‘బోధపడటం’ అన్నీ వరసగా అయిపోయాయి. జవాబులు ఎంత చకచకా వచ్చాయంటే, ఒక అబ్బాయి న్యాన్ ప్రశ్న పూర్తిచేయకముందే చెప్పేశాడు. ఖాయ్ గారు నవ్వుతూ తల పంకిస్తున్నారు. తువాత్ గారు పెన్ను మూసేసి, తల అటూ ఇటూ తిప్పుతూ చేతుల్నే చూస్తున్నాడు.

“ఒక్క నిమిషం, టీచరు గారూ,” అంటూ ఆయన లేచాడు. “నేనొక వాక్యం రాయొచ్చా?”

అది రిహార్సల్‌లో లేదు. న్యాన్ చాక్‌పీస్ ఇచ్చింది. ఆయన బోర్డు మీద ఒకే ఒక్క వాక్యం రాశాడు. నాకొచ్చిన అరకొర ఇంగ్లీషుతో కూడబలుక్కుంటే, ‘మా నాన్న మంగలి చేత నాకు కటింగ్ చేయించాడు’ అని. అందులోనూ గెట్టే ఉంది. కానీ అది పిల్లలు బట్టీ పట్టిన గెట్టు కాదు.

“ఎవరు చెప్తారు?”

పాపం, పిల్లలు. అలవాటుగా అందరూ చేతులెత్తేశారు. క్లాసు క్లాసంతా ఎడమ చేతులే. ఒక్క కుడి చెయ్యి లేదు. నా పక్కన లెక్కల మాస్టారు “అయిపోయింది” అని గొణిగాడు.

తువాత్ గారు నెమ్మదిగా బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వెనక దాకా వచ్చాడు. ఎర్ర రబ్బరు బ్యాండు దగ్గర ఆగాడు.

“నువ్వు చెప్పమ్మా.”

థోమ్ లేచింది. బోర్డు వంక చూసింది, న్యాన్ వంక చూసింది.

“తెలీదండీ.”

“తెలీదా? మరి చెయ్యెందుకు ఎత్తావు?”

ఆ పిల్ల నోట్లోంచి వచ్చే మాట మీదే ఉంది అంతా. నిజం చెప్పిందో, న్యాన్ పని అయిపోయినట్టే. ‘తల్లీ, నోరు విప్పకే’ అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

“గొప్ప కోసం ఎత్తానండీ,” అంది థోమ్. “నాకు చదువు రాదు. అందరూ ఎత్తుతుంటే, వచ్చినట్టు కనపడాలని ఎత్తాను. ఎప్పుడూ ఇంతేనండీ నేను. టీచర్ వద్దనే చెప్తారు.”

“ఎవరూ ఎత్తమనలేదా?”

“లేదండీ. నాదే తప్పు. నన్ను కొట్టండి.”

ముందు బెంచీల్లో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. పిల్ల చెవుల దాకా ఎర్రబడింది, అయినా తల దించలేదు. ఖాయ్ గారు హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలారు. “ఆ పిల్ల అంతేనండీ, మొద్దు. మీరు పట్టించుకోకండి,” అన్నారు. తువాత్ గారు తన కుర్చీ వైపు తిరిగాడు. గండం గడిచింది. న్యాన్ మాట్లాడకుండా ఉంటే చాలు, గట్టెక్కినట్టే.

“ఆ పిల్ల అబద్ధం చెప్తోంది సార్,” అంది న్యాన్.

ఖాయ్ గారు కుర్చీలో నిటారుగా అయ్యారు.

“తెలిస్తే కుడి, తెలీకపోతే ఎడమ. అలా ఎత్తమని నేర్పింది నేను. ఆ చేతికున్న రబ్బరు బ్యాండు నాదే. థోమ్‌కి గొప్పలేం లేవు సార్, నన్ను కాపాడాలని అంటోంది.” పిల్ల వైపు తిరిగింది. “థోమ్, కూర్చో అమ్మా. అందరూ చేతులు దించండి.”

చేతులు దిగాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమూ వచ్చింది. పిచ్చిదానా, పిచ్చిదానా అని తిట్టుకున్నాను.

“ఇప్పుడు మళ్ళీ అడుగుతాను,” అంది న్యాన్. “ఈ వాక్యం తెలియనివాళ్ళు కుడి చెయ్యి ఎత్తండి.”

చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. తెలియదని కుడి చెయ్యి ఎత్తడం ఆ పిల్లలకు ఏనాడూ తెలియదు కదా. ముందు థోమ్ ఎత్తింది. తర్వాత ఇటొకటి, అటొకటి. చివరికి ముందు బెంచీల వాళ్ళూ ఎత్తారు.

“మంచిది. ఇందాక చేతులెత్తింది ఎవరు?”

“మేమే,” అన్నారు పిల్లలు, సందేహిస్తూ.

“మీ అంతట మీరే ఎత్తారా?”

“లేదు టీచర్. మీరు ఎత్తించారు.”

“ఆఁ! చేసేది ఒకరు, చేయించేది ఇంకొకరు. ఆ చేయించడానికి కూడా ఇంగ్లీషు వాళ్ళు గెట్ అనే అంటారు. కటింగ్ చేసింది మంగలి, చేయించింది నాన్న. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరు ఎవరి చేత ఏం చేయిస్తారో చెప్పండి.”

క్లాసులో గోల మొదలైంది. అది రిహార్సల్ చేసిన గోల కాదు. ఒకడు తప్పు చెబితే ఇంకొకడు దిద్దాడు, వాణ్ణి మూడోవాడు వెక్కిరించాడు. థోమ్ లేచి, వేళ్ళ మీద మాటలు పేర్చుకుంటూ, చెమటలు కక్కుతూ ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పింది. మా అమ్మ నా చేత ఆల్చిప్పలు ఏరించింది అని. న్యాన్ దాన్ని బోర్డు మీద రాసింది. తువాత్ గారు వెనక్కి వాలి, మూత తీసిన ఫ్లాస్కు అలాగే పట్టుకుని డోలు మోగేదాకా విన్నాడు.

తర్వాత మీటింగు. ముందు మంచి చెప్పాలి, తర్వాత లోపాలు చెప్పాలి, అది మా పద్ధతి. ఖాయ్ గారు ఆ పద్ధతి కూడా పాటించలేదు.

“ఈ చేతుల భాగోతం నాకేమీ తెలీదండీ. ఈ పద్ధతి నా బడిలో లేదు. ఆ అమ్మాయి సొంత తెలివి,” అన్నారు.

న్యాన్ తల వంచుకుని కూర్చుంది.

తువాత్ గారు మా అందరి వంకా చూశాడు. “హెడ్మాస్టరు గారికి తెలుసని ఎవరైనా చెప్పగలరా? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి.”

నేనెత్తాను. కుడి చెయ్యే ఎత్తాను, భుజం పీకేంత పైకి. “స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పారు. నా ఈ చెవులతో విన్నాను,” అన్నాను. లెక్కల మాస్టారు టీ కప్పులో ఏదో వెతుక్కుంటున్నాడు. మిగతావాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అంతమందిలో నాదొక్కటే చెయ్యి. ఆ మనుషులతో నేను పదేళ్ళకు పైగా కలిసి అన్నం తిన్నాను.

“చివర్లో చెప్పిన పాఠం బాగుంది,” అన్నాడు తువాత్ గారు, న్యాన్‌తో. “అటువంటిది నేను విని చాలా కాలమైంది. కానీ ముందు జరిగింది నాటకమని మీ నోటితో మీరే చెప్పారు. నాటకం అని తేలిన పాఠానికి మార్కులు వెయ్యడానికి లేదు. నన్నేం చెయ్యమంటారు?”

“నిబంధన ప్రకారమే చెయ్యండి సార్,” అంది న్యాన్.

పోస్టు ఆమెకు రాలేదు.

న్యాన్ తన టేబులు సర్దుకుంటుంటే పక్కన నిలబడి చెడామడా తిట్టాను. “పిల్ల నీకోసం ప్రాణం పెట్టి అబద్ధమాడింది కదే! రెండు నిమిషాలు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?”

“పోయేది కాదక్కా. ఉద్యోగం కూడా వచ్చేది,” అంది న్యాన్, పెన్నులు సంచిలో వేసుకుంటూ. “వచ్చాక, రేపు మళ్ళీ ఆ పిల్ల ముందు నిలబడి ఏం చెప్పను? చదువు రాదని అంతమందిలో తన నోటితో తనే అంది. అనిపించింది నేను.”

ఆమె సైకిలు గేటు దాటేదాకా నిలబడి, లోపలికొచ్చి ఏడ్చాను.

సోమవారం జెండా వందనం అయ్యాక ఆ క్లాసుకే నా పాఠం. ఒక పాత కవిత చెప్పాను. నేను బాగా చెబుతానని నాకు పేరు. చివర్లో ఎప్పటిలా, “అర్థమైందా?” అన్నాను. ఎప్పటిలా చేతులన్నీ లేచాయి. వెనక బెంచీలో థోమ్ నిద్రపోవడం లేదు. ఎర్ర రబ్బరు బ్యాండు ఇప్పుడు కుడి చేతికి ఉంది. ఆ చెయ్యే ఎత్తింది. నాకు సంతోషమేసింది.

“చెప్పవే థోమ్, ఏమర్థమైంది?”

“ఏమీ అర్థం కాలేదు టీచర్,” అంది, చెయ్యి దించకుండానే. “మళ్ళీ మొదటి నుంచి చెప్తారా?”

ఎవరూ నవ్వలేదు. అప్పటిదాకా నేను గమనించని ఎడమ చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఒక్కో కుడి చెయ్యీ పైకి లేచింది. సగం క్లాసు. కాదు, సగం కంటే ఎక్కువే. నేను పుస్తకం మొదటి పేజీకి తిప్పాను.