పదమూడో మంచం కేస్‌షీటు

రాజమండ్రిలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి రెండో అంతస్తులో పన్నెండో మంచం పక్కన పద్నాలుగోది ఉంటుంది. పదమూడంటే జనం జడుసుకుంటారని ఆ నెంబరు అసలు వెయ్యనే లేదు. మంచం లేకపోతే మాత్రం నర్సులు ఊరుకుంటారా? లేని మంచానికో ఫైలు తెరిచి, అందులో లేని రోగినొకణ్ణి చేర్చారు. రోగి పేరు యాజమాన్యం. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారేటప్పుడు మిగతా మంచాల సంగతులన్నీ అప్పజెప్పుకున్నాక, ఆఖర్న ఆ ఫైలు తీసి చదువుకుని, కడుపుబ్బా నవ్వుకుని ఇళ్ళకు పోయేవారు.

రాసేది అశ్విని. అంతర్వేది పల్లిపాలెంలో చేపలమ్మే పెద్దింట్లమ్మ కూతురు. ఆ తల్లి నోటికి జడిసి బేరగాళ్ళు అడిగిన ధర ఇచ్చేసి పోతారు. "చదువుకున్నదానివి, కాస్త నోరు కట్టుకోవే" అని కూతురికి చెప్పేదీ ఆవిడే. అశ్విని నోరు కట్టుకుంది, చెయ్యి కట్టుకోలేదు. అదే కొంప ముంచింది.

బుధవారం పొద్దున్న ఆమె వార్డులో అడుగు పెట్టేసరికి శ్రీసుధ గోడకి చేరగిలి నిలబడి ఉంది. శ్రీసుధకి ఏడో నెల.

"అశ్వినీ, తనిఖీవాళ్ళొస్తున్నారని రికార్డుల గణేష్‌బాబు ఫైళ్ళన్నీ పట్టుకుపోయాడే. పదమూడు కూడా."

"చూడకుండానా?"

"వాడేం చూస్తాడు? నెంబర్లు వరసగా ఉన్నాయా లేదా, అంతే వాడికి కావాల్సింది."

అశ్విని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. ఈ నెలాఖరుకి ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. మళ్ళీ ఇస్తారో లేదో ఒకటో తారీకున తెలుస్తుంది. నడుం దెబ్బ తగిలాక తండ్రి వీరబ్రహ్మం చేపల వేటకి వెళ్ళడం మానేశాడు, ఇల్లు నడిచేది ఈమె జీతం మీదే. నోటిదురుసు పిల్ల అని పంపించేశారంటే ఊళ్ళో ఇంకో ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కనివ్వరు. అయ్యో, ఎందుకొచ్చిన రాతలు, ఎవడు రాయమన్నాడు!

ఇంజెక్షన్లు చేసింది. తొమ్మిదో మంచం శ్రీరామమూర్తి మేష్టారికి బీపీ చూసింది, చూశానో లేదోనని మళ్ళీ చూసింది. మూడోసారి పట్టీ చుట్టబోతుంటే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"నాకు బానే ఉందమ్మా. ఓసారి నువ్వు చూసుకో."

మామూలు రోజైతే ఆ మాటకి వార్డంతా వినపడేలా నవ్వేది. ఇవాళ పట్టీ మడిచి పక్కన పెట్టేసింది. పదకొండింటికి కబురొచ్చింది, సూపరింటెండెంటు సీతారామలక్ష్మి గారు రమ్మంటున్నారని.

ముప్పై ఏళ్ళ సర్వీసు ఆవిడది. ఆవిడ వస్తోందంటే సెలైన్ చుక్కలు కూడా సరిగ్గా పడతాయని నర్సులు అనుకుంటారు. బల్ల మీద ఆ ఫైలుంది. అశ్విని దాన్ని చూసి, ఇంక నేల వైపే చూసింది.

"ఆసుపత్రి ఎండీ గారు ఇది మొత్తం చదివారు. రాసినవాళ్ళ పేరు మధ్యాహ్నంలోగా పైకి చెప్పమన్నారు."

"నేనేనండి మేడం. మిగతావాళ్ళకేం సంబంధం లేదండి."

"తెలుసు. నీ చేతిరాత నాకు తెలీదా?" ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక కాగితం తీసి చదివింది. "'ఉదయం తొమ్మిదింటికి సూపరింటెండెంటు గారు నవ్వినట్టు అనుమానం. పరీక్షించగా తుమ్ము అని తేలింది.'"

అశ్వినికి భూమిలోకి కూరుకుపోదామనిపించింది.

"ఇది చదివి నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయమ్మా. నా గురించి ఇలాగా అనుకుంటున్నారు అని."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లయితే అలవాటే.

ఆవిడ చివరి కాగితం తీసింది. అది పోయిన శనివారం నాటిది. నర్సులు కూర్చుంటున్నట్టు కెమెరాలో కనబడిందని యాజమాన్యం వార్డు బల్ల దగ్గరున్న రెండు కుర్చీలూ తీయించేశాక రాసింది. 'పేషెంటుకి కుర్చీలు చూస్తే ఒళ్ళు మంట. తీసేశాం. ప్రస్తుతం కులాసా. శ్రీసుధ సిస్టర్ ఎనిమిది గంటలు నిలబడింది. రెండు కాళ్ళూ వాపు, నొక్కితే గుంట పడుతోంది. బీపీ నూట యాభై, తొంభై ఆరు.' ఆ రోజు అది చదివినప్పుడు ఎవరూ నవ్వలేదు.

"ఈ బీపీ నిజమేనా?"

"నేనే చూశానండి. రెండుసార్లు చూశాను."

"మరి సంతకం ఏదీ? టైమేదీ? సంతకం లేని రాత చెల్లదని ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అంటూ ఆవిడ పెన్ను ఇటు తోసింది.

అశ్విని ఆ పెన్ను వంక చూసింది. చేతిరాత అయితే పైవాళ్ళ దగ్గర నాది కాదని ఇంకా బుకాయించవచ్చు. సంతకం పెడితే ఉరి తానే మెడకి తగిలించుకున్నట్టు. ఇందుకేనా పిలిచింది? ఒక్క క్షణం తప్పు ఒప్పుకుని కాళ్ళ మీద పడదామనుకుంది. కానీ రాసింది అబద్ధమైతే కదా తప్పవడానికి! పొద్దున్న గోడకి ఆనుకుని నిలబడ్డ శ్రీసుధ వాచిన కాళ్ళకి చెప్పులు పట్టక, వాటి పట్టీలు విప్పుకుని ఉంది. అశ్విని భయపడుతూనే పేరు రాసింది, తారీకు వేసింది, టైము వేసింది.

సీతారామలక్ష్మి గారు కాగితం తన వైపు లాక్కుని, దాని కిందే తన సంతకం కూడా పెట్టింది.

"మేడం, మీరెందుకండీ?"

"ఏడో నెల మనిషికి అంత బీపీ ఉంటే నాతో చెప్పకుండా దాన్ని జోకుల ఫైల్లో రాస్తావా? బుద్ధుందా నీకు?"

"మీరు తిడతారని చెప్పలేదండి."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "తిట్టేదాన్నే," అంది. "శ్రీసుధని ఇప్పుడే గైనిక్ డాక్టరు గారి దగ్గరికి పంపించాను. ఇంక ఈ కాగితం జోకు కాదు. మనిద్దరి కంప్లైంటు. ఒకటో తారీకున తీసేస్తే ఇద్దర్నీ తీసెయ్యాలి."

అశ్విని కళ్ళు తుడుచుకుంది. "మరి మిగతా కాగితాలు చింపెయ్యమంటారా మేడం? మీ మీద రాసినవి?"

"ఉండనీ. చదవాల్సినాయన ఎలాగూ చదివేశాడు." ఆవిడ ఫైలు మూసింది. "కానీ చెప్తున్నాను, ఆ తుమ్ము దాని మీద మాత్రం నేను చచ్చినా సంతకం పెట్టను."

అశ్వినికి నవ్వు పొంగుకొచ్చింది. అది బయటికి వచ్చేలోపే బల్ల మీద ఫోను మోగింది. ఎండీ గారి గది నుంచి. పేరు తేలిందా అని అడుగుతున్నట్టున్నారు.

"తేలిందండి," అంది సీతారామలక్ష్మి గారు లేచి నిలబడి. ఫైలు తీసి చంకలో పెట్టుకుంది. "ఇద్దరం వస్తున్నామండి."