రత్నమాణిక్యం గట్టుదారి

పొద్దున్నే గేదె పాలు పితికి, చెంబు పట్టుకుని గట్టు మీదుగా తమ్ముడింటికి రావడం, కాఫీ తాగుతూ వాణ్ణి నాలుగు చీవాట్లు పెట్టడం రత్నమాణిక్యానికి రోజూ ఉండే పనే. పాలకొల్లు పక్కన తండ్రి ఇచ్చిన చేను అది. రోడ్డు వైపు వాటా, రోడ్డవతల ఇల్లూ తమ్ముడు అప్పాజీవి. వెనక వాటాలో ఆవిడ పెంకుటిల్లు, నాలుగు కొబ్బరిచెట్లు. మొగుడు పోయాక ఆవిడకి మిగిలిన తోడల్లా బీపీ ఒక్కటే.

ఆ ఊరి నేల సంగతి అందరికీ తెలిసిందే. మ్యాప్ రికార్డయ్యి ముద్ర పడిందంటే, తెల్లారేసరికి నేల మ్యాప్‌లో గీసినట్టు సర్దుకుంటుంది. గట్లు జరుగుతాయి, హద్దురాళ్లు వాటంతటవే లేస్తాయి, మ్యాప్‌లో గీయని దారి నేల మీదా ఉండదు. అక్కడ డాక్టరు కన్నా సర్వేయరంటేనే భయం.

అప్పాజీ తన వాటాని, ప్లాట్లు కోసి అమ్మే బుల్లిరాజు గారికి లేఅవుట్ వెయ్యడానికి ఇచ్చాడు. సర్వేయర్ సత్యప్రసాద్ మ్యాప్ పరిచి నసిగాడు.

"వెనకింటికి దారి చూపించకుండా రికార్డు చెయ్యకూడదండి. పక్కవాళ్లు పొలంలో నిలబడి చూసుకునే సంతకం పెట్టాలి."

"దారి తీస్తే ప్లాట్లు పోవాండి?" అన్నారు బుల్లిరాజు గారు. "మీ అక్కగారే కదా అప్పాజీ గారూ. నడిస్తే ఎవరు కాదంటారు?"

"ఆయ్, సొంత అక్కకి దారి కాగితం మీద రాసివ్వడమేంటండి, నలుగురూ నవ్వరూ!" అన్నాడు అప్పాజీ.

ఏం తెలివండీ! తోడబుట్టినవాళ్ల దగ్గర నేల కూడా చూసీచూడనట్టు పోతుందనుకున్నాడు. రత్నమాణిక్యమైతే పొలంలోకే వెళ్లలేదు. వంకాయలు తరుగుతూ, "మావాడు చూశాడు కదా, చాల్లే" అని సంతకం పెట్టేసింది. సత్యప్రసాద్ ఆవిడ హద్దు చూసుకుందనే రాసుకున్నాడు.

ముద్ర పడింది. మర్నాడు ఆవిడ పాలచెంబుతో బయల్దేరి, నడిచి నడిచి తన అరుగు దగ్గరే తేలింది. ఇటు నుంచి అప్పాజీ వెళ్లబోతే ప్లాట్ల రాళ్ల చుట్టూ తిరిగి మళ్లీ రోడ్డెక్కాడు. మనిషి కనబడుతోంది, మాట వినబడుతోంది. మధ్యలో గట్టు లేదు.

"ఒరే అప్పాజీ, బీపీ మాత్రలు అయిపోయాయిరా!"

విసిరాడు. ఎవరి ప్లాట్లోనో పడ్డాయి. అప్పాజీకి ఏడుపొచ్చింది.

పరిగెత్తుకెళ్లి సత్యప్రసాద్‌ని బతిమాలాడు.

"మ్యాప్ మార్చాలంటే ప్లాట్లు కొన్నవాళ్లందరూ సంతకం పెట్టాలండి."

అడిగితే ప్రతివాడూ గజం కూడా వదలనన్నాడు. బుల్లిరాజు గారు అప్పటికే అన్నీ అమ్మేసి చేతులు దులిపేసుకున్నారు.

"మరింక దారే లేదాండి?"

సత్యప్రసాద్ తల దించుకున్నాడు. "మ్యాప్‌తో పనిలేకుండా ఈ నేల దారిచ్చేది శవానికేనండి. ఆ మాట నాచేత అనిపించకండి."

అప్పాజీ రోజూ క్యారేజీ, మాత్రలు పట్టుకుని రాళ్ల దగ్గర నిలబడేవాడు.

"తల తిరుగుతోందిరా," అనేది ఆవిడ మంచం మీంచే.

"సంతకాలు అయిపోవచ్చాయక్కా. ఇంకొక్కడే మిగిలాడు," అని అబద్ధమాడేవాడు.

"అలాగేలే. నువ్వు కాఫీ తాగావా?"

ఓ పొద్దున వచ్చేసరికి దారి ఉంది. రోడ్డు మీంచి ఆవిడ అరుగు దాకా తిన్నగా, నలుగురు మోసుకెళ్లేంత వెడల్పున, మంచుకి తడిసి ఉంది. రాళ్లన్నీ పక్కకి ఒదిగి ఉన్నాయి. అటుగా పోయేవాళ్లు చెప్పులు విప్పి నిలబడ్డారు.

అప్పాజీ గట్టు మీద కాలు పెట్టలేదు. క్యారేజీ గుండెకి హత్తుకుని అక్కణ్ణుంచే అరిచాడు.

"అక్కా, నాకీ దారి వద్దే! మూసెయ్యమనవే!"