మచ్చలేని నకిలీలు

పెట్టె మూత తీసి మొదటి ఫోన్ స్క్రీన్ మీద వేలు పెట్టగానే వెంగ్ షుయీకి తెలిసిపోయింది: చీటీ తన కొట్టుదే, స్క్రీన్ మాత్రం నకిలీ.

రెండోది తీసింది. నకిలీ. మూడోదీ అంతే. ఇరవైకి ఇరవై. ప్రతిదాని వెనక తీగ మీదా తన కొట్టు పేరుతో ఎర్రచీటీ, అమ్మకం గుర్తుగా ఈ నెల అంకె మీద గీత. ఊడదీయబోతే పొడిపొడిగా చిరిగిపోయే పల్చటి చీటీ అది. హువాచియాంగ్‌బేయ్ ఎలక్ట్రానిక్స్ బజారులో, ఈ మూడో అంతస్తులో, ఆ చీటీ అంటే కొట్టువాడి మాట. చీటీ చెక్కుచెదరకుండా సరుకు వెనక్కొస్తే నోరెత్తకుండా మార్చివ్వాలి. చీటీ కింద నకిలీ దొరికిందంటే ఇక ఆ కొట్టు ముందు ఎవరూ ఆగరు.

మధ్యాహ్నం రెండింటికి దూరదేశపు అల్మాటీ నగరం నుంచి వచ్చిన సాబిత్ ఈ పెట్టె కోసమే వస్తాడు. అక్కడ అతనికి తొమ్మిది ఫోన్ రిపేరు దుకాణాలున్నాయి. ఈ ఇరవై నచ్చితే ఇకమీదట తొమ్మిదింటికీ సరుకు ఆమె దగ్గరే. నచ్చకపోతే, పద్నాలుగేళ్ళుగా కూడబెట్టుకున్న పేరు ఈ మధ్యాహ్నంతో సరి. టైము పదకొండు దాటింది.

షుయీ కుర్చీలో కూలబడి నిన్నటి రోజును వెనక్కి తిప్పింది. పొద్దున ఒక్కో స్క్రీన్‌నూ తడిమి, చీటీ అంటించి, పెట్టెలో సర్దింది తనే. సాయంత్రం అలమారాలో పెట్టి తాళం వేసింది కూడా తనే. మధ్యలో పెట్టె ఆమె కళ్ళ ముందునుంచి కదల్లేదు, భోజనాలయ్యాక అంతస్తంతా దీపాలు తగ్గించి కునుకు తీసే ఆ ఒక్క గంట తప్ప. తను కౌంటర్ మీద తల వాల్చేసింది. అందరూ అంతే. ఎవరో ముందే చీటీలు అంటించి సిద్ధం చేసుకున్న పెట్టెను తెచ్చి, పెట్టెకు పెట్టె మార్చేశారు. చీటీల చుట్ట ఎప్పుడూ కౌంటర్ మీదే పడి ఉంటుంది, ఎవరైనా చింపుకోవచ్చు.

ఆ గంటలో ఈ అంతస్తులో నిద్రపోని మనిషి ఒక్కతే.

షుయీ చూపు పక్క కౌంటర్ మీదికి పోయింది. ఫాంగ్ చియావ్ గుండ్రటి లైటు ముందు కూర్చుని పెదాలకు రంగు వేసుకుంటోంది. వచ్చి రెండేళ్ళు కాలేదు. అసలుకూ నకిలీకీ తేడా చెప్పమంటే తెల్లమొహం వేస్తుంది. అయినా ఫోన్ ముందు కూర్చుని, లైవ్ వీడియోలో నవ్వుతూ రోజుకు బస్తాలకు బస్తాలు అమ్మేస్తోంది. ఆ బస్తాలు నడవలో అడ్డంగా పడి ఉంటే వాటిని దాటుకుంటూ వెళ్ళాల్సి వచ్చిన ప్రతిసారీ షుయీకి కడుపులో మండేది.

అంతకన్నా గుచ్చుకున్నది ఇంకొకటుంది. లియావ్ గురువు ఈమధ్య టీ తాగడానికి చియావ్ దగ్గర కూర్చుంటున్నాడు. ఊరినుంచి కొత్తగా వచ్చిన షుయీ కళ్ళకు గుడ్డ కట్టి, చేతిలో స్క్రీన్లు పెట్టి, 'వేలినే అడుగు' అంటూ విద్య నేర్పిన మనిషి ఆయన. ఈ నెలంతా ఆమె కౌంటర్ వైపు రాలేదు.

షుయీ లేచి వెళ్ళింది.

"నిన్న మధ్యాహ్నం నా కౌంటర్ దగ్గర నీకేం పని?"

చియావ్ అద్దంలోంచే చూసింది. "నీ కౌంటర్ దగ్గరా? దుమ్ము దులపడానికి పిలిచావా ఏంటక్కా?"

"ఇకిలించకు. నా సరుకు పెట్టె మారిపోయింది. ఆ టైములో మెలకువగా ఉన్నది నువ్వొక్కదానివే."

"ఉంటాను మరి! ఆ గంటలో ఆరొందల మంది నా మొహమే చూస్తుంటారు. మధ్యలో లేచి నీ పెట్టె ఎత్తుకొస్తే 'ఎక్కడికెళ్ళావ్' అని ఆరొందల మందీ నిలదీస్తారు. ఇదిగో నిన్నటి వీడియో. కావాలంటే తనివితీరా చూసుకో. చూసి రెండు ముక్కలు నేర్చుకో కూడా."

షుయీ ఫోన్ లాక్కుని వీడియోను వేగంగా తిప్పింది. గంటసేపట్లో చియావ్ ఒక్కసారైనా కుర్చీ దిగలేదు. నవ్వు కూడా ఆపలేదు.

"అయిందా?" చియావ్ ఫోన్ వెనక్కి తీసుకుంది. గొంతు కాస్త తగ్గింది. "నేనంటే నీకు కుళ్ళని ఈ అంతస్తంతా తెలుసు. నాకూ నువ్వంటే కుళ్ళే. ఆ అల్మాటీ ఆయన నా లైటు ముందునుంచి తిన్నగా నడిచెళ్ళి నీ దగ్గర ఆగాడు చూడు, ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. కానీ నీ కొట్టు ముయ్యించాలంటే నాకు ఇంత కష్టం ఎందుకక్కా? లైవ్‌లో ఒక్క మాట జారితే చాలదూ?"

ఆ మాట నిజం. నిజం కావడంతో షుయీకి మరింత మండింది.

తిరిగొచ్చి పెట్టె ముందేసుకుంది. ఈ నకిలీలు ఎవరి దగ్గరివో తేలితే దారి దొరుకుతుంది. ఒక్కో తయారీదారుకు ఒక్కో లోపం ఉంటుంది: ఒకడిది మూల పసుపు తిరుగుతుంది, ఇంకొకడిదానికి అంచు దగ్గర వేలు పట్టదు. మొదటి స్క్రీన్‌ను పరీక్షపెట్టెకు తగిలించింది. తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ. మచ్చ లేదు. రెండోది తగిలించింది. మచ్చ లేదు. అయిదోది, పదోది, పదహారోది. వెలగని చుక్క ఒక్కటీ కనపడలేదు. ఇరవయ్యోది చూసేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

నకిలీల పెట్టె విప్పితే ఇరవైలో రెండు మూడే మచ్చలేనివి దొరుకుతాయి. ఇరవైకి ఇరవై ఇంత శుభ్రంగా రావాలంటే పెద్ద కుప్ప పోసుకుని ఒక్కోటీ వెలిగించి ఏరాలి. దొంగకు అంత ఓపిక ఎక్కడిది? కీడు తలపెట్టిన వాడికి ఆ అవసరమే లేదు. మచ్చలుంటే వాడికి ఇంకా మంచిదే. ఈ పని మనసు చెప్పి చేయించింది కాదు, చెయ్యి అలవాటుకొద్దీ చేసింది. మచ్చున్న స్క్రీన్‌ను, అది నకిలీదైనా సరే, పెట్టెలో పెట్టడానికి ఒప్పుకోని చెయ్యి.

అలాంటి చేతులు ఈ అంతస్తులో ఇద్దరికే ఉన్నాయి. ఒకరు తను.

షుయీ లేచింది. మెట్ల పక్కన, అంతస్తు చివర, లియావ్ గురువు కౌంటర్. ఆయన చిన్న కుండలోంచి మూడు గిన్నెల్లోకి టీ వంపుతున్నాడు. ముందు ఎవరూ లేరు.

"రా అమ్మాయ్. వేడిగా ఉంది, తాగు."

"ఒక్కదానికీ మచ్చ లేదు గురువుగారూ."

"దేనికి?"

"నకిలీలకి. ఎన్నింట్లోంచి ఏరారు?"

టీ గిన్నె నిండి పళ్ళెంలోకి పొర్లింది. ఆయన కుండ దించలేదు.

"నూట అరవై," అన్నాడు. "మచ్చున్నవి పక్కన పడేస్తూ పోయాను. ఎందుకు పడేస్తున్నానో తెలీకుండానే."

షుయీ నోట ముందుగా వచ్చిన ప్రశ్నకు ఆమెకే సిగ్గేసింది. "చియావ్ కోసమా? దానికీ నేర్పుతున్నారా?"

"ఆ పిల్లకా?" లియావ్ గురువు మొహంలో నవ్వులాంటిదేదో మెదిలింది. "అక్కడ టీ కూడా బాగుండదు. అక్కడ కూర్చుంటే నీ కౌంటర్ కనిపిస్తుంది, అంతే."

"మరి ఎందుకు?"

ఆయన కాళ్ళ దగ్గరి పెట్టెను పాదంతో ఆమె వైపు తోశాడు.

"నీ ఇరవై ఇవిగో. ఒక్కటీ తీసి చూడలేదు. నిన్న అందరూ పడుకున్నాక నేనే మార్చాను. చేతులు వణుకుతాయనుకున్నాను, వణకలేదు. ఆ అల్మాటీ ఆయన మూడు వారాల కిందట ముందు నా దగ్గరికే వచ్చాడు షుయీ. అతను నా ముందు ఆగగానే లేచి నిలబడ్డాను కూడా. 'కళ్ళు మూసుకుని వేలితో స్క్రీన్ చెప్పే ఆవిడ ఎక్కడ?' అన్నాడు. ఇదిగో, ఈ వేలితోనే నీ కౌంటర్ చూపించాను. చూపించి కూర్చున్నాను. ఆ రోజునుంచి సరిగ్గా నిద్ర లేదు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడున్నాను. అసలా నకిలీయా అని తగువొస్తే నన్నే పిలిచేవాళ్ళు. అమ్మినవాడొక పక్క, కొన్నవాడొక పక్క నిలబడి నా వేలి వంకే చూసేవాళ్ళు. నేనన్నదే తీర్పు. అయిదేళ్ళుగా ఒక్కరూ పిలవలేదు, నిన్ను పిలుస్తున్నారు. నా ముందునుంచే నడిచెళ్ళి నిన్ను పిలుస్తున్నారు. ఇవాళ అతను పెట్టె విప్పాలి, గొడవవ్వాలి. నీ తగువులో నువ్వే తీర్పు చెప్పలేవు గదా, అప్పుడు నన్ను పిలవక తప్పదు. అంతవరకే ఆలోచించాను. చీటీ వేసిన పెట్టెను నువ్వు మళ్ళీ విప్పుతావనుకోలేదు. అది నేను నేర్పింది కాదు, నీ సొంతం. దానికీ కుళ్ళుకున్నాను ఇప్పుడే, నువ్విలా నిలబడి అడుగుతుంటే. ఇంకొక్క మాట, తర్వాత నా మీద జాలిపడకుండా ఉండటానికి చెబుతున్నాను. చివరి నిమిషంలో నిన్ను కాపాడేవాణ్ణని అనుకోకు. నకిలీ అనే చెప్పేవాణ్ణి. అంతస్తంతా వినబడేలా చెప్పేవాణ్ణి."