వట్టి మనిషి కాదు

తడి దుప్పటి పిండుతుంటే అత్తయ్య వెనక నుంచి వచ్చి లాక్కుంది. "నువ్విప్పుడు వట్టి మనిషివి కాదు. బరువు పనులు చెయ్యకూడదు," అంది. దుప్పటి ఆరేసి లోపలికొచ్చాక, "ఆ కూరగాయలు తరిగెయ్. పనిలో పని, గిన్నెలు కూడా కడిగేసుకో," అని పురమాయించింది. గిన్నెలకు బరువుండదు కాబోలు.

గిన్నెల గురించి నాకు బాధ లేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. వట్టి మనిషివి కాదు! అంటే నెల తప్పేదాకా నేను వట్టి మనిషినే అన్నమాట. పగలంతా సిటీ బస్సు నడిపి, ఇంటికొచ్చి వండి పెట్టి, మామయ్య కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో వెతికిచ్చి, ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తిరుగుతున్న మనిషి లోపల ఏమీ లేదని అందరూ ఎప్పుడో తేల్చేసుకున్నారు. నాకే ఎవరూ చెప్పలేదు.

డిపోలో మేనేజరు నన్ను స్టీరింగు ముందు నుంచి లేపి విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. "మీకోసం కాదమ్మా, లోపలున్నవాళ్ళ కోసం," అన్నాడు, అది వింటే నేను పొంగిపోతానన్నట్టు. నా బస్సులో కండక్టరుగా చేసే అక్క (వయసులో పెద్దది, అందుకే అక్కా అంటాను) కిటికీలోంచి తల దూర్చి, "నీకిప్పుడు ఒక టికెట్ కొట్టాలా, రెండు కొట్టాలా?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బస్సులో జనం ఎక్కుతారు, దిగుతారు. ఎంతమంది ఎక్కి దిగినా బస్సు బస్సే. దాని ఇనుము కరిగి వాళ్ళ ఎముకల్లోకి పోదు. నా లోపలున్నదేమో నా అన్నంలోంచే అన్నం తింటోంది, నా ఎముకల్లోంచే ఎముకలు చేసుకుంటోంది. దాన్ని ప్రయాణికుడని ఎలా అనుకోను? పోనీ నా చెయ్యిలాగా నాలో భాగమే అనుకుందామా అంటే, నా చెయ్యి ఏనాటికైనా నాతో పోట్లాడి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోదు కదా.

స్కానింగు గదిలో డాక్టరమ్మ తెర వైపు చూస్తూ మా ఆయనతో మాట్లాడింది. "ఇదిగో తల. ఇదిగో వెన్ను." ఆయన, "లోపలంతా బాగుందా అండీ?" అని అడిగాడు, ఇల్లు అద్దెకు చూడ్డానికి వచ్చినవాడిలా. నా వాంతులూ నా కాళ్ళ వాపూ ఆ తెర మీద కనపడవు.

"ఆ మసగ్గా ఉన్నదేమిటండీ?" అన్నాను.

"మాయ."

"అది నాదా, బిడ్డదా?"

ఆవిడ మొదటిసారి తెర వదిలి నా మొహంలోకి చూసింది. "బిడ్డ ఏ కణంలోంచి వచ్చిందో అదీ అందులోంచే వస్తుంది. కానీ మీ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి నాటుకుంటుంది."

"మరి నేనెక్కడ ఆగుతాను, బిడ్డ ఎక్కడ మొదలవుతుంది?"

"గీత గీసి చూపించమంటే నావల్ల కాదమ్మా," అంది. వెక్కిరించలేదు. నిజంగానే ఆలోచించి చెప్పింది.

దారిలో మా ఆయన, "అవేం ప్రశ్నలు? ఆవిడేమనుకుంటుంది? కనేవాళ్ళంతా ఇవన్నీ అడుగుతారా?" అన్నాడు. కనేదాన్ని కాబట్టే అడిగానని చెప్పాలనిపించింది. ఎండగా ఉంది, ఆయాసంగా ఉంది. ఊరుకున్నాను.

ఆరో నెలలో పొట్టకి కుడిపక్కన నొప్పి మొదలైంది. "కడుపుతో ఉన్నాక నొప్పులు రాకుండా ఉంటాయా," అంది అత్తయ్య. "గ్యాసయ్యుంటుంది," అన్నాడు మా ఆయన. మర్నాడు ఎవరికో బస్సు నంబరు చెబుతూ చెబుతూ బల్ల మీదికి ఒరిగిపోయాను. అక్క నన్ను టాక్సీలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. పరీక్షలన్నీ అయ్యాక సర్జన్ వచ్చి అపెండిక్స్ బాగా వాచిందన్నాడు. అప్పటికి మావాళ్ళు ముగ్గురూ వచ్చేశారు.

"ఇవాళే తీసెయ్యాలి. పగిలిందంటే ఇద్దరికీ ముప్పే," అన్నాడు సర్జన్.

"ఆపరేషన్ చేస్తే బిడ్డకేమైనా అవుతుందా?" అన్నాడు మా ఆయన.

"కొంత ప్రమాదం ఉంటుంది. ఆగితే ఇంకా ఎక్కువ."

"రెండ్రోజులు మందులతో చూస్తే?"

"అవునండీ, మనవడి సంగతి కూడా చూసుకోవాలి కదా," అన్నాడు మామయ్య. అత్తయ్య మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

సర్జన్ మా ఆయన వైపు తిరిగి, "ఏం చెయ్యమంటారో త్వరగా చెప్పండి," అన్నాడు. నా మంచానికి అటొకరు, ఇటొకరు నిలబడి నా మీదుగా మాట్లాడుకుంటున్నారు.

నొప్పిలో బుర్ర పనిచెయ్యదంటారు. నాకు మాత్రం అప్పుడే తేటగా కనిపించింది. బిడ్డ నాలో భాగమే అయితే ఇది నా ఒంటి సంగతి. బిడ్డ వేరే మనిషే అయితే, ఆ మనిషికి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క చోటు నేను. ఎటు తిప్పి చూసినా దారి నా మీదుగానే పోతోంది. మేం ఒకరమా ఇద్దరమా అన్నది తేలకపోతే మానె, ఎవర్ని అడగాలన్నది తేలిపోయింది.

"డాక్టరుగారూ, కొయ్యబోయేది నన్ను. నన్నడగండి."

సర్జన్ కాస్త సిగ్గుపడ్డట్టే ఉన్నాడు. "చెప్పండమ్మా," అన్నాడు.

భయం లేక కాదు. అంతకుముందు రోజు సాయంత్రమే అది లోపల చిన్నగా తన్నితే, కూరలో గరిటె వదిలేసి పొట్ట మీద చెయ్యి వేసుకుని చాలాసేపు నిలబడ్డాను. అది నాకు కావాలి. నేనూ నాకు కావాలి.

"ఇవాళే చెయ్యండి."

"నువ్వాగు, నీకు తెలీదు," అన్నాడు మా ఆయన. సర్జన్ అప్పటికే నర్సుని పిలుస్తున్నాడు.

మెలకువ వచ్చేసరికి నోరు పిడచకట్టుకుపోయి ఉంది. నర్సు నా పొట్ట మీద యంత్రం ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. నా గుండె కంటే ఎంతో వేగంగా, తన తొందర తనదన్నట్టు కొట్టుకుంటోంది. "హమ్మయ్య, బాబు క్షేమం," అన్నాడు మా ఆయన. బాబో పాపో ఇంకా ఎవరికీ తెలీదు. నేను క్షేమమని ఎవరూ అనలేదు. ఆయన నీళ్ళు వంచడానికి పక్కకి వెళ్ళాడు.

అత్తయ్య తడిగుడ్డతో నా పెదాలు అద్దింది. ఉన్నట్టుండి మెల్లగా అంది:

"నీ మొగుడు పుట్టినప్పుడు అడ్డం తిరిగాడు. నాకు స్పృహ వస్తోంది, పోతోంది. తలుపవతల డాక్టరు మీ మామయ్యని అడిగాడు, తల్లి కావాలా బిడ్డ కావాలా అని. డాక్టరుది పెద్ద గొంతు, వినపడింది. ఈయన మాట వినపడలేదు." గుడ్డ మళ్ళీ తడిపింది. "ఇద్దరం బతికాం కదా అని ఊరుకున్నాను. ఏం చెప్పారో ఇంతవరకూ అడగలేదు."

నీళ్ళ గ్లాసు పట్టుకుని మా ఆయన అక్కడే ఆగిపోయాడు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ?" అన్నాడు.

అత్తయ్య గుడ్డ పిండి ఆరేసింది, చేతులు తుడుచుకుంది, బయటికి నడిచింది. వరండాలో బెంచీ మీద మామయ్య కూర్చుని ఉన్నాడు. తలుపు వెయ్యలేదు. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు.

"ఏమండీ, ఆ రోజు డాక్టరుకి ఏం చెప్పారు?"